కాంతిని ప్రశ్నించిన ఆచార్య సూరి భగవంతం

క్వాంటం శాస్త్రం ఐరోపాలో పుట్టి అక్కడే పెరిగిందని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల నుండి వచ్చే మా విద్యార్థులు తలుస్తుంటారు. ఆ అపోహ తొలగడానికి ఆచార్య సూరి భగవంతం గారి జీవితమొక్కటే చాలునని మా విశ్వాసం.

వారు 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టం పొంది, 1928లో కలకత్తా చేరి రామన్ గారికి శిష్యులైనారు. రామన్ ఫలితం వెలువడినది ఆ ఏటనే.

కాంతి కణమైన ఫోటాను శక్తిని, ద్రవ్యవేగాన్ని మోసుకొనిపోతుందని అప్పటికే తెలిసింది. దానికి బొంగరం వలె స్వీయభ్రమణం కూడా ఉన్నదా? గురుశిష్యులు ఈ ప్రశ్నను కాంతినే అడిగారు. అణువులపై పడి చెదరిన వెలుగులో ధ్రువణం ఎంతమేరకు చెడినదో ఓపికతో కొలిచి, ఫోటానుకు ఒక ప్రమాణపు భ్రమణం ఉన్నదని 1931లో ప్రకటించారు. బొంగరమన్నాము గాని, ఫోటాను తిరిగే బంతి కాదు. ఉపమానాన్ని అంతకుమించి సాగదీయరాదు. ఆనాటికి భగవంతం గారి వయస్సు సుమారు ఇరువది రెండేండ్లు!

పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బోధించారు. వెంకటరాయుడు గారితో కలిసి సమూహ సిద్ధాంతంపై గ్రంథం వ్రాశారు. ఉర్దూ బోధనాభాషగా 1918లో వెలసిన ఉస్మానియాకు 1952 నుండి 1957 వరకు ఉపాధ్యక్షులైనారు. మా ప్రాంతపు కళాశాలలు చాలాకాలం ఆ విశ్వవిద్యాలయానికే అనుబంధమై ఉండేవి. కనుక వారిని పరాయివారని మేము అనుకోలేము. అటుపై బెంగుళూరు విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేసి, 1989లో దివంగతులైనారు.

అంతకు మూడేండ్ల ముందే ఇటలీలో గిరార్డి, రిమిని, వెబర్ అను శాస్త్రజ్ఞులు మరొక సిద్ధాంతం ప్రతిపాదించారు. కణం యొక్క తరంగ ప్రమేయంలో అనేక అవకాశాలు కలిసి ఉంటాయి. కొలిచినప్పుడు ఒక్కటే కనబడుతుంది. ఈ కుప్పకూలడం, ఎవరూ కొలవకున్నా, దానంతటదే జరుగుతుందని వారి వాదం. అట్లయితే విద్యుదావేశం గల కణాలు అదిరి, అతి స్వల్పంగా వికిరణాన్ని వెలువరించవలె. గ్రాన్ సాసో పర్వతగర్భంలోని ప్రయోగశాలలో, సీసపు కవచాల నడుమ జెర్మేనియం స్ఫటికాన్ని ఉంచి ఆ వికిరణానికై వెదికారు. గురుత్వాకర్షణయే ఇందుకు కారణమని డియోసి, పెన్‌రోజ్‌లు చెప్పిన సిద్ధాంతపు సరళరూపం చెల్లదని 2020లో తేలింది. తక్కిన రూపాలపై పరీక్షలు నేటికీ సాగుతున్నాయి. కలకత్తాలో వలెనే, ఇక్కడనూ సాక్ష్యానికి పిలిచినది కాంతినే.