సర్ ఆల్బర్ట్ హోవర్డు

వంశధార సముద్రముతో సంగమించు కళింగపట్నము మన రాష్ట్రమున ప్రాచీనమైన రేవు. అచ్చటి తీరభూమి ఇసుకనేల. ఎంత నీరు పోసినను నిలువదు. ఎంత ఎరువు చల్లినను వానకు దిగిపోవును. అట్టి నేలకు బలము నిచ్చు పదార్థము ప్రతిదినము మన వంటయిండ్లనుండియే వెలికి పోవుచున్నది. కూరగాయల తొక్కలు, అరటితొక్కలు, రాలిన ఆకులు, చేపల పొలుసులు మున్నగువానిని చెత్తయని వీథిలో పారవేయుచున్నాము. ఆ చెత్తయే నేలకు అన్నమని లోకమునకు బోధించిన శాస్త్రజ్ఞుడు సర్ ఆల్బర్ట్ హోవర్డు.

హోవర్డు 1873 డిసెంబరు 8వ తేదీన ఇంగ్లండులోని ష్రాప్‌షైరు మండలమున ఒక వ్యవసాయ కుటుంబమున జన్మించెను. లండనునందును, కేంబ్రిడ్జినందును విద్య నభ్యసించి, వెస్టిండీసు దీవులలో సస్యరోగముల పరిశోధకుడుగా పనిచేసెను. అచ్చట ఆయన కొక లోపము తోచెను. పైరులకు మందు చెప్పవలసిన తనకు, ఆ మందును పరీక్షించి చూచుటకు స్వంత పొలము లేదు. స్వయముగా పండింపనివాడు రైతునకు సలహా యిచ్చుట తగదని ఆయన నిశ్చయించుకొనెను.

1905లో ఆయన భారతదేశమునకు వచ్చి, బీహారులోని పూసా పరిశోధనాలయమున ఉద్యోగమున చేరెను. ఆ యేడే గాబ్రియేలును వివాహమాడెను. ఆమెయు వృక్షశాస్త్రమున ఆరితేరిన విదుషి. పూసాలో హోవర్డు కోరిక ఫలించి 75 ఎకరముల భూమి లభించెను. చుట్టుపట్ల రైతులు రసాయనపు ఎరువులు గాని, పురుగుమందులు గాని లేకయే మంచి పైరులు పండించుట చూచి, వారినే గురువులుగా నెంచెను. పాలించువారు పాలితులనుండి నేర్చుకొనుట అరుదైన కాలమది!

1924లో ఇండోరునందు ఆయన ఒక సస్య పరిశోధనాలయమును స్థాపించెను. మన పల్లెలలో పేడ పిడకలై పొయ్యిలో కాలిపోవుచుండెను; నేల ఆకలితో నుండెను. హోవర్డును, ఆయన సహచరుడైన యశ్వంత్ వాడును దీనికి ఉపాయము కనుగొనిరి. ఆకులలములు ఒక పొర, పేడ ఒక పలుచని పొర, దానిపై పశుమూత్రము పీల్చిన మన్నును బూడిదయు చల్లి, తడిపి, మరల అట్లే పేర్చుదురు. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ కుప్పను జీర్ణించుకొనుచు వేడి పుట్టించును. గాలి సోకుటకై నడుమనడుమ తిరుగవేయుదురు. సుమారు మూడు నెలలకు దుర్గంధము లేని నల్లని ఎరువు సిద్ధమగును. గాలి యాడనిచో కుప్ప కుళ్లి కంపుగొట్టును. ఇదియే ఆ పద్ధతిలోని మర్మము.

1930లో గాబ్రియేలు మరణించెను. పాతికేండ్లు తోడుగా శ్రమించిన ఇల్లాలిని కోల్పోయియు హోవర్డు పని విడువలేదు. 1931లో వాడుతో కలిసి తమ పద్ధతిని గ్రంథరూపమున ప్రకటించి, స్వదేశమునకు మరలెను. 1934లో ఆయనకు సర్ బిరుదము లభించెను. రసాయనపు ఎరువులను సమర్థించువారు ఆయనను తీవ్రముగా విమర్శించిరి. సస్యరోగములకెల్ల నేల బలహీనతయే మూలమను ఆయన వాదమును శాస్త్రలోకము పూర్తిగా అంగీకరింపలేదు. అయినను కుళ్లిన ఆకులలములు నేలకు జీవమనుట నేడెవ్వరును కాదనరు. 1947 అక్టోబరు 20వ తేదీన ఆయన కన్నుమూసెను.

పల్లెకై పుట్టిన ఈ విద్య పట్టణములకును ప్రాకెను. బెంగుళూరునందు సి. ఎన్. ఆచార్య పురపాలక సంఘముల చెత్తను కందకములలో పూడ్చి ఎరువు చేయు పద్ధతిని రూపొందించెను. విజయనగరము జిల్లాలోని బొబ్బిలి పట్టణము తడిచెత్తను వేరుచేసి ఎరువుగా మార్చుటలో పేరొందెను. ఇంటింట తడిచెత్తను పొడిచెత్తను వేరుచేయవలెనని 2016లో భారత ప్రభుత్వము నియమము చేసెను. అన్నియు కలిపి ఊరిబయట గుట్టగా పోసినచో, లోపల గాలి సోకక మీథేను వాయువు పుట్టి, భూగోళపు వేడిని హెచ్చించును.

బాలబాలికలారా! మూత గల కుండకు రంధ్రములు చేసి, వంటింటి తొక్కలపై ఎండుటాకులను మన్నును చల్లుచుండుడు. అప్పుడప్పుడు కలియబెట్టుడు. కొలది నెలలలో మీ పెరటి మొక్కకు ఎరువు లభించును. నేలనుండి తీసికొన్నదానిని నేలకే మరల నిచ్చుట మన ధర్మము. హోవర్డు జీవితము మనకు నేర్పు పాఠ మిదియే.