శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు: మూసీ వరదయు, మన చెఱువులును

మహనీయుల జీవితములను స్మరించుట మన మహాసభలకు సంప్రదాయము. అయినను వారి బిరుదులను, పదవులను వల్లించి చేతులు జోడించుటతో ఆ స్మరణ ముగియరాదు. వారు మనకు అప్పగించిపోయిన పనులెవ్వి, అందు మనము నిలుపుకొన్నదెంత, పాడుచేసికొన్నదెంత యని లెక్క చూచుకొనుటయు పితృఋణము తీర్చుటవంటిదే. ఈ సంవత్సరము ముత్తంగిలో సమావేశమగుచున్న సోదరులకు ఆ దృష్టితో ఒక మహాశిల్పి చరిత్రమును విన్నవించుచున్నాము.

సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మైసూరు సీమలో చిక్కబళ్ళాపురమునకు చేరువనున్న ముద్దేనహళ్ళి గ్రామమున ఒక ములుకినాటి కుటుంబమున జన్మించిరి. వీరి పూర్వులు గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండము నుండి కొన్ని తరముల క్రిందట కన్నడ దేశమునకు తరలిపోయినవారు. ఊరు విడిచిరి గాని ఊరిపేరు విడువలేదు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత విద్వాంసులు. కుమారుడు చదువుకొను వయస్సుననే వారు పరమపదించిరి. మేనమామ యండను, పరుల యింట పిల్లలకు పాఠములు చెప్పి సంపాదించుకొన్న కొలదిపాటి ధనమును ఆధారముగా జేసికొని, విశ్వేశ్వరయ్యగారు 1881లో బెంగుళూరున బి. ఏ. పట్టము పొందిరి. పిమ్మట మైసూరు ప్రభుత్వపు విద్యార్థి వేతనముతో పూనా నగరమున ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథమస్థానమున ఉత్తీర్ణులై, మఱుసటి యేట బొంబాయి ప్రభుత్వ కొలువున ప్రవేశించిరి.

ఆ కొలువున ఆయన నేర్చినదంతయు నీటి స్వభావమే. సింధునదీ తీరమున సుక్కూరు పట్టణమునకు త్రాగునీరందించుటయు, దక్కను ప్రాంతపు కాలువల క్రింద నీటిని పొదుపుగా పంచు పద్ధతిని ఏర్పఱచుటయు అప్పటి పనులే. పూనా సమీపమున ఖడక్‌వాస్లా జలాశయమునకు 1903లో ఆయన అమర్చిన తలుపులు మిక్కిలి ప్రసిద్ధములు. నీరు నియమిత మట్టము మీఱినంతనే అవి తమంతట తామే తెఱచుకొనును. మట్టము తగ్గినంతనే మూసికొనును. 1908లో ఆయన స్వచ్ఛందముగా ఆ యుద్యోగమును విడిచి విదేశ పర్యటనకు బయలుదేఱిరి. ఆయన దూరదేశమున నుండగనే హైదరాబాదు ప్రభుత్వము నుండి పిలుపు వచ్చెను.

ఆ పిలుపునకు కారణమైన ఘోరము పెద్దలనోట వినని హైదరాబాదువాసి యుండడు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివైచెను. శంషాబాదున 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు వర్షము పడెను. వంతెనలు మునిగినవి, పేటలకు పేటలే కొట్టుకొనిపోయినవి. సుమారు 15,000 మంది ప్రాణములు కోల్పోయిరని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణమందలి యొక చింతచెట్టు నెక్కి నూటికి పైగా జనులు బ్రదికి బయటపడిరి. ఆ వృక్షము నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణమున నిలిచియున్నది.

విశ్వేశ్వరయ్యగారు 1909 ఏప్రిల్ మాసమున హైదరాబాదునకు వచ్చి, వెంటనే కట్టడముల యోచనకు దిగక, మొదట వరద ఎక్కడ పుట్టెనో వెదకిరి. నగరమునకు ఎగువనున్న పరీవాహక ప్రదేశమునంతను కొలిపించిరి. వర్షపు లెక్కలను చేర్చిరి. ఊరూర చెఱువుల గతి విచారించిరి. అప్పుడు తేలిన సంగతి మిక్కిలి గమనింపదగినది. నగరమునకు ఎగువన 862 చదరపు మైళ్ళ ప్రదేశమున 788 చెఱువులు కలవు. అనగా చదరపు మైలునకు ఇంచుమించు ఒక చెఱువు. ఆ రెండు దినములలో వానిలో 221 చెఱువులు తెగెను. అందు 182 ఈసీనది వైపునను, 39 మూసీ వైపునను ఉండినవి. నగరము నొద్ద ప్రవాహము సెకనునకు 4,25,000 ఘనపుటడుగులని ఆయన లెక్కకట్టిరి.

చెఱువులు గొలుసుకట్టుగా నుండును. మీది చెఱువు మత్తడి దుమికిన నీరు క్రింది చెఱువునకు చేరును. కట్టలు గట్టిగా నుండి మత్తళ్ళు చాలినంత వెడల్పు గలవైనచో, ఆ గొలుసే వరదను మెట్టుమెట్టున ఆపి దాని వేగమును తగ్గించును. ఒక్క కట్ట తెగినచో ఆ చెఱువు నీరంతయు ఒక్కపెట్టున క్రింది చెఱువుపై బడును, అదియు తెగును. నెలల తరబడి నిలువజేసిన నీరు గడియలలో నగరము మీదికి వచ్చును. కాపాడవలసినదే కాలయమునిగా మాఱుట యిదియే.

1909 అక్టోబరు 1వ తేదీన ఆయన తమ నివేదికను సమర్పించిరి. నగరమునకు ఎనిమిదిన్నర మైళ్ళ ఎగువన మూసీపైనను, ఆఱున్నర మైళ్ళ ఎగువన ఈసీపైనను రెండు జలాశయములు కట్టి, వరదను అందు నిలిపి, నది యోర్చుకొనగల ప్రమాణమున మెల్లగా విడువవలెనని ఆయన సలహా. నగరములో నదీతీరములను ఎత్తుచేసి బాటలును ఉద్యానములును ఏర్పఱుపవలెననియు, మురుగు నదిలో బడకుండ భూగర్భమున కాలువలు వేయవలెననియు ప్రణాళిక వ్రాసి యిచ్చిరి. తదనుసారముగా నిజాం ప్రభుత్వము 1920లో గండిపేట వద్ద ఉస్మాన్‌సాగరును, 1927లో ఈసీపై హిమాయత్‌సాగరును పూర్తిచేసెను. మొదటిది సుమారు 3.9 టి.యం.సి.లును, రెండవది సుమారు 2.97 టి.యం.సి.లును పట్టును. పిమ్మట 1908 నాటి ప్రమాణమున మూసీ నగరమును ముంచలేదు. వరదకొఱకు కట్టిన ఆ జలాశయములే తరతరములు నగరవాసుల దాహమును దీర్చినవి.

హైదరాబాదు పని ముగిసిన వెంటనే 1909 నవంబరులో విశ్వేశ్వరయ్యగారు మైసూరు సంస్థానమునకు ముఖ్య ఇంజనీరైరి. 1912 మొదలు 1918 వఱకు దివానుగా నుండి కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణమును, మైసూరు విశ్వవిద్యాలయమును, పెక్కు పరిశ్రమలను నెలకొల్పిరి. 1955లో భారతరత్న బిరుదమును గాంచి, 1962 ఏప్రిల్ మాసమున, నూఱేండ్లు నిండిన పిమ్మట స్వర్గస్థులైరి. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15వ తేదీని దేశమంతయు ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నది.

ఇంతవఱకు ఆయన చరిత్రము. ఇక మన చరిత్రము చూతము. ఆనకట్టకు శంకుస్థాపన యుండును, శిలాఫలకముండును, కట్టించినవారి పేరుండును. పూడిక తీసిన వానికి ఫలకము లేదు. కట్టపై మొలచిన తుమ్మచెట్టును వేళ్ళతో పెఱికిన వానికి దండ లేదు. కావుననే కట్టుటకు ముందుకు వచ్చువారు కాపాడుటకు రారు. పూర్వము మన గ్రామములలో ఈ లోపమును తీర్చుటకు ఏర్పాట్లుండెడివి. తూము తెఱచుటకును, మూయుటకును, కట్టను కనిపెట్టియుండుటకును నీరడి యుండెడివాడు. చెఱువు బాగుచేయు బాధ్యతను స్వీకరించినవారికి దశబంధపు ఇనాము లుండెడివి. నగరము పెరిగి సేద్యము తగ్గిన చోట నీరడికి పని పోయెను. కట్టను చూచు కన్ను పోయెను. ఎండకాలమున పైరు పండించుకొను శిఖం భూమి ఇండ్ల స్థలమైపోయెను. చెఱువునకు నీరు తెచ్చు కాలువ వీథియయ్యెను. మత్తడి నీరు పోవు వాగు మురుగు నాలాగా కుంచించుకొనిపోయెను.

ఇందులకు ఫలము అనుభవించితిమి. 2000 ఆగస్టు మాసమున ఒక్కనాడు సుమారు 24 సెంటీమీటర్ల వర్షము గురిసి హైదరాబాదు పల్లపు పేటలన్నియు మునిగెను. 2003లో కిర్లోస్కర్ సంస్థ నాలాల నెట్లు వెడల్పు చేయవలెనో నివేదిక యిచ్చెను. అందలి పని పెక్కేండ్లు కాగితములందే మిగిలెను. 2020 అక్టోబరున పల్లెచెఱువు, అప్పచెఱువు, గుఱ్ఱంచెఱువు కట్టలు తెగి దిగువ బస్తీలను ముంచెను. అప్పచెఱువుండు గగన్‌పహాడ్ శంషాబాదు దారిలోనిదే. 1908లో ఏ ప్రాంతమున కట్టలు తెగి నగరమును నాశనము చేసెనో, 112 ఏండ్ల పిమ్మట ఆ ప్రాంతముననే మరల కట్ట తెగి ప్రాణనష్టము గలిగెను. 2025 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి జంట జలాశయముల తలుపులు తెఱవగా మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సుస్టేషనులో నీరు చేరి ప్రయాణికులు చిక్కుకొనిరి. తలుపు తెఱచినవారిది తప్పు గాదు. నిండిన జలాశయమును విడువక తప్పదు. నది నీటికి చోటు లేకుండ జేసినదే తప్పు.

ప్రయత్నములు లేవనుట న్యాయము గాదు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద తెలంగాణమున 46 వేలకు పైగా చెఱువులను పునరుద్ధరింప సంకల్పించి, పెక్కింటి పూడిక తీసిరి. కాని మరమ్మతు ఒకనాటి యుత్సవము గాదు. ఇల్లు ఏటేట వెల్ల వేయించుకొనువారము, చెఱువును ముప్పదియేండ్లకొకసారి తలచినచో చాలునా?

ముత్తంగి పరిసరములకు వత్తము. పటాన్‌చెరు అను పేరులోనే చెఱువున్నది. ఈ నేలపై బడిన వాన నక్కవాగున బడి మంజీరకు చేరును. మంజీర నీరు హైదరాబాదు త్రాగుచున్నది. 1970ల తరువాత ఇచట పరిశ్రమలు వెలసి వేలమందికి అన్నము పెట్టినవి. వాని వ్యర్థజలములు నక్కవాగును చెఱచినవనియు రైతులు మొఱపెట్టగా 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టు వఱకు పోయెను. నేడు జాతీయ రహదారియు, వలయ రహదారియు కలియు ఈ తావున భూమి వెల ఆకాశము నంటుచున్నది. వెల పెరిగిన కొలది శిఖం భూమిపై ఆశ పెరుగును. హైదరాబాదు నూఱేండ్లలో చేసిన తప్పును ఈ ప్రాంతము పదియేండ్లలో చేయగలదు. చేయకుండ నిలుపుకొనవచ్చును గూడ.

మన సంఘమున ఇంజనీర్లున్నారు, పారిశ్రామికులున్నారు, న్యాయవాదులున్నారు, ఉదారులైన దాతలున్నారు. సత్రములకును, విద్యార్థి వసతిగృహములకును మనవారిచ్చు విరాళములు శ్లాఘనీయములే. వానితోపాటు, ప్రతి వేసవి చివరను, తొలకరికి ముందు, తమ యూరి చెఱువుకట్టపై ఒకసారి నడచి చూచుట ఆచారముగా జేసికొనవలెనని మా ప్రార్థన. కట్టపై పందికొక్కుల బొరియలున్నవా, వెనుకవైపు ఊట గలదా, తూము కదలునా, మత్తడి ముందు గోడ యెవరైన లేపిరా, పూర్తి నీటిమట్టపు హద్దురాళ్ళు నిలిచియున్నవా యని వ్రాసికొని అధికారులకు అర్జీ యిచ్చుటకు ధనము అక్కఱలేదు. బాగుచేయుటకు ధనము వలసినచో దాతలు వెనుదీయరు. మన సభ్యులెవరును శిఖం భూమిని కొనమనియు, కట్టమనియు నియమము చేసికొన్నచో అది యన్నిటికంటె గొప్ప విరాళము.

విశ్వేశ్వరయ్యగారు ములుకినాటివారని మనము గర్వించుట సహజమే. అయితే ఆయన హైదరాబాదున చెఱువులు లెక్కించునప్పుడు ఏ చెఱువు ఏ కులమువారి యూరిదో లెక్కింపలేదు. తెగిన కట్ట యెవ్వరిని వేఱుచేసి చూడలేదు. ఆయన వంశజులమని చెప్పుకొనుటకు ఆయన పటమునకు పూలమాల వేయుటకంటె, ఆయన లెక్కించిన 788 చెఱువుల వంటివి మన యూర నేడెన్ని మిగిలెనో లెక్కించుట యుక్తము. ఆ లెక్కను వచ్చు మహాసభకు తెచ్చి సమర్పింపవలెనని సోదరులను కోరుచున్నాము.