నీటితో రత్నాల నిగ్గు తేల్చిన అల్-బిరూనీ

అబూ రైహాన్ అల్-బిరూనీ క్రీ.శ. 973లో ఖ్వారిజం ప్రాంతంలోని కాత్ నగరంలో జన్మించారు. అది నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. 1017లో సుల్తాన్ మహమూద్ ఖ్వారిజంను జయించి, ఇతర పండితులతో పాటు ఆయన్నీ గజ్నీకి తీసుకుపోయారు. ఇష్టపడి చేసిన ప్రయాణం కాదది. అయినా ఆయన చదువు ఆగలేదు.

యాకూత్ (కెంపు), బదఖ్షాన్ లాల్ రెండూ ఎర్రనివే. ధరలో ఎంతో తేడా. కంటిని నమ్ముకుంటే మోసపోతాం. గీయకుండా, పగలగొట్టకుండా తేల్చడమెలా? బిరూనీ శంఖువు ఆకారంలో, పక్కన వంకర గొట్టంతో ఓ పాత్ర చేయించారు. దాన్ని గొట్టం దాకా నీటితో నింపి, ముందే తూచిన రాయిని వేసేవారు. పొర్లిన నీటిని తూచి, రాయి బరువు దానికెన్ని రెట్లో లెక్కించేవారు. యాకూత్‌కు ఎక్కువ, లాల్‌కు తక్కువ వచ్చింది. బంగారానికి వచ్చింది దాదాపు 19. నేటి లెక్క 19.3!

హైస్కూల్ పిల్లలు సాంద్రత సూత్రాన్ని వల్లిస్తారు గానీ, ఎందుకని అడిగితే మౌనం. అందుకే మేము ముందు ఈ కథ చెబుతాం. తర్వాత వజూ చేసే బద్నాను కొమ్ము దాకా నింపి, ఇనుప తూకపు రాయిని మెల్లగా వేయిస్తాం. లెక్క కాస్త తప్పుతుంది. బద్నా మూతి వెడల్పు కదా, కొన్ని చుక్కలు పొర్లకుండా లోపలే నిలిచిపోతాయి. బిరూనీ తన పాత్ర మూతిని సన్నగా ఎందుకు చేయించారో పిల్లలే అప్పుడు చెబుతారు.