దోమలన్నిటినీ చంపక్కర్లేదన్న డాక్టర్

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా కాలువలు, వరిచేలు, చెరువులు. దిగువన కొల్లేరు. ఇక్కడ దోమలు లేకుండా చేయడం అయ్యే పనేనా అని ఎవరైనా అడుగుతారు. వందేళ్ల కిందట రొనాల్డ్ రాస్‌ను కూడా ఇదే అడిగారు.

1857లో అల్మోరాలో పుట్టిన రాస్‌కు కవిత్వం, లెక్కలంటే ఇష్టం. తండ్రి మాట కాదనలేక డాక్టరయ్యారు. సికింద్రాబాద్‌లో పనిచేస్తూ, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున ఇచ్చారు. 1897 ఆగస్టు 20న అలాంటి దోమ కడుపులోనే మలేరియా క్రిమి కనిపించింది. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. రక్తమిచ్చిన హుసేన్ ఖాన్‌ను తలచుకునేవాళ్లు తక్కువే.

అసలు తగువు ఆ తర్వాత మొదలైంది. లాహోర్ దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో దోమల నిర్మూలన మొదలుపెడితే జ్వరాలు తగ్గలేదు. దోమల మీద యుద్ధం దండగ అన్నారు. చిన్న జాగాలో చేస్తే బయటి దోమలు వచ్చిపడతాయి కదా అని రాస్ వాదించారు. వాదనతో ఒప్పించలేక లెక్క కట్టారు.

1907లో మారిషస్ వెళ్లి పిల్లల ప్లీహాలు పరీక్షించారు. పెద్దలనే ఎందుకు చూడలేదంటే, పదేపదే జ్వరపడ్డ పెద్దల ఒంటికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. ఊళ్లో మలేరియా ఎంతుందో పిల్లల పొట్ట తడిమితేనే తెలుస్తుంది.

ఆయన లెక్క ఇలా సాగింది. దోమల్లో నాలుగో వంతే మనిషిని కుట్టగలుగుతాయి. క్రిమి లోపల ఎదగడానికి పట్టే పది రోజులూ బతికేది మూడో వంతే. ఈలోగా రోగులు కోలుకుంటుంటారు. కాబట్టి మలేరియా నిలవాలంటే మనిషికి సుమారు 40 దోమలైనా ఉండాలి. అంతకంటే తగ్గితే, దోమలు మిగిలున్నా జబ్బు దానంతటదే సన్నగిల్లుతుంది. అంకెలు ఊరిని బట్టి మారతాయి గానీ ఆ హద్దు ఉందన్న మాట మాత్రం నిలిచింది.

1901లో సియెర్రా లియోన్‌కు రాస్ వెంట వెళ్లిన మెకెండ్రిక్ అనే కుర్ర డాక్టర్‌కూ ఈ లెక్కల పిచ్చి అంటుకుంది. తర్వాత కసౌలీలో పనిచేసిన ఆయన, 1926లో మనుషుల వయసును కూడా సమీకరణంలోకి తెచ్చారు. మరుసటి ఏడాది కెర్మాక్‌తో కలిసి బొంబాయి ప్లేగు మరణాలతో తమ లెక్కను సరిచూశారు. రాస్ 1932లో లండన్‌లో కన్నుమూశారు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది.