బ్లేజు పాస్కలు

కొబ్బరిబొండములో గొట్టము నుంచి పీల్చునపుడు నీరు పైకి వచ్చుటకుఁ గారణమేమని తరగతిలో నడిగినచో, మనము లాగుచున్నాము గనుక వచ్చుచున్నదని బాలురు సంకోచింపక చెప్పుదురు. యూరపు పండితులును ఒకప్పుడు ఇంచుమించుగా నిట్లే తలంచిరి. ప్రకృతికి శూన్యమన్న గిట్టదనియు, దానిని నింపుటకే నీరు పైకెగయుననియు వారి మతము. నీటిని పైనుండి లాగువాఁడు లేఁడనియు, గాలియే దానిని క్రిందినుండి త్రోయుచున్నదనియుఁ గొలిచి చూపించిన వారిలో ముఖ్యుఁడు బ్లేజు పాస్కలు.

ఇతఁడు 1623 జూన్ 19వ తేదీని ఫ్రాన్సు దేశములోని క్లెర్మాంటు పట్టణమున జన్మించెను. మూఁడేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. తండ్రి కుమారుని బడికిఁ బంపక తానే విద్య గఱపెను. పన్నుల లెక్కలతోఁ దండ్రి పడు శ్రమను జూచి, పాస్కలు ఇరువదేండ్లు నిండకమునుపే కూడికలు చేయు యంత్రమును గల్పింప మొదలిడెను. దేహము మాత్రము మిక్కిలి దుర్బలము.

ఇటలీలో టోరిచెల్లి యను శాస్త్రజ్ఞుఁడు ఒక చివర మూసిన గాజుగొట్టమును పాదరసముతో నింపి, పాదరసపు గిన్నెలోఁ దలక్రిందుగా నిలిపెను. పాదరసము కొంత దిగి, రమారమి 30 అంగుళముల యెత్తున నిలిచిపోయెను. పాస్కలు 1646లో రువాను పట్టణమున దీనిని దానును జేసి, పిదప మిగులఁ బొడవైన గొట్టములలో నీటితోను ద్రాక్షారసముతోను జేసి చూచెను. నీరు 34 అడుగుల చేరువను దాఁటి నిలువదు. శూన్యమన్నఁ బ్రకృతికి భయమే యున్నచో, ఆ భయమునకు హద్దేల? గాలి తన బరువుతో గిన్నెలోని పాదరసమును గ్రిందికి నొత్తుచున్నది. ఆ యొత్తిడియే గొట్టములోని దానిని పైకెత్తి నిలుపుచున్నది. అట్లైనచోఁ గొండమీఁద గాలి తక్కువ గనుక పాదరసము దిగవలెను. దిగకున్న నతని యూహ యంతయుఁ గూలిపోవును.

ప్యారిసు చెంతఁ గొండలు లేవు. అతనికి నెక్కు బలమును లేదు. కావున 1647 నవంబరులో క్లెర్మాంటు వాఁడగు తన బావ పెరియేకు జాబు వ్రాసెను. పది నెలలు గడచెను. 1648 సెప్టెంబరు 19న ఉదయము పుయి ద డోము శిఖరము మబ్బు వీడి కనఁబడెను. పెరియే ఊరి పెద్దలను గొందఱిని వెంటఁబెట్టుకొని, ముందుగా నొక మఠపు తోఁటలో రెండు గొట్టములు నిలిపి కొలిచెను. రెంటను 26 అంగుళములకుఁ బైచిలుకు. (నాఁటి ఫ్రెంచి అంగుళము మన యంగుళముకంటెఁ గొంచెము పెద్దది.) ఒక గొట్టమును దోఁటలోనే విడిచి, దానిని దినమంతయుఁ గనిపెట్టియుండుట కొక సన్న్యాసిని నియమించి, తాను 3,000 అడుగులకుఁ బైగా నెక్కెను. శిఖరమునఁ బాదరసము 23 అంగుళములకుఁ బైచిలుకు మాత్రమే నిలిచెను! చూచినవారు అబ్బురపడిరి. పెరియే అంతటితోఁ దృప్తి నొందక, ప్రార్థనామందిరము లోపలను, బయలునను, గాలి చాటునను, గాలి కెదురుగను, వాన మంచులలోను మరల మరలఁ గొలిచెను. కొలత మాఱలేదు. దిగునపుడు నడుమ నొకచోట 25 అంగుళము లుండెను. తోఁటలోనిది కదలనే లేదని సన్న్యాసి చెప్పెను. ఒక్క కొలతతోనే ప్రయోగపు పుస్తకమును మూయు విద్యార్థులను నిత్యము చూచుచుండు నాకు, తోఁటలో విడిచిన ఆ రెండవ గొట్టమే యీ కథలో మిక్కిలి యిష్టము.

ఈ ప్రయోగమును దానే సూచించితినని దెకార్తు పిమ్మటఁ జెప్పుకొనెను. ఆ తగవు తీఱలేదు. ఒత్తిడిని గొలుచు ప్రమాణమునకు 1971లోఁ బాస్కలు పేరు పెట్టఁబడెను. బంగాళాఖాతమునఁ దుపాను పుట్టినపుడు మనము విను హెక్టాపాస్కలు ఇతని పేరిటిదే.

1654 నవంబరు 23 రాత్రి అతనికి గొప్ప దైవానుభవము కలిగెను. అటుపిమ్మట గణితమును బొత్తుగా మానలేదు గాని, మనస్సు దేవునియందే నిలిచెను. క్రైస్తవమత సమర్థనమునకై తలపెట్టిన గ్రంథము ముగియకయే పోయెను. దాని తునుకలే 1670లో అచ్చుపడెను. కడపటి దినములలోఁ దన యింట నుంచుకొన్న బీదకుటుంబమునందొక బాలునికి మసూచి సోకఁగా, వారిని వెడలింపక, తానే జబ్బుతో నిల్లు విడిచి అక్క యింటికిఁ బోయెను. అచ్చటనే 1662 ఆగష్టు 19న, 39 యేండ్ల వయస్సున మరణించెను.

కొన్ని దినములకు సేవకుఁ డతని కోటు అస్తరులో నేదియో మందముగాఁ దగులుట గనిపెట్టి విప్పి చూచెను. 1654 నాఁటి రాత్రి వ్రాసికొన్న కాగిత మందుండెను. ఎనిమిదేండ్లు కోటు మార్చినపుడెల్ల దానిని విప్పి మరలఁ గుట్టుకొనుచు వచ్చెను. ఇంటివారి కా సంగతియే తెలియదు.