సాలార్‌జంగ్: గుత్తా పద్ధతికి స్వస్తి పలికిన దివాన్

ఏటూరునాగారం నుండి వాజేడు, వెంకటాపురం వైపు వెళ్ళేవారు 2016లో ప్రారంభమైన ముల్లకట్ట వంతెన మీదుగా గోదావరిని దాటుతారు. ఒకప్పుడు ఈ నదే రెండు రాజ్యాల సరిహద్దు. 1860 నాటి ఒడంబడిక ప్రకారం గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న నూగూరు, ఆల్బాక, చర్ల, భద్రాచలం, సిరొంచ తాలూకాలు నిజాం చేతి నుండి ఆంగ్లేయుల చేతికి వెళ్ళాయి. కుడి ఒడ్డున ఉన్న ఏటూరునాగారం హైదరాబాదు రాజ్యంలోనే ఉండిపోయింది. ఆ ఒడంబడిక నాటికి రాజ్య వ్యవహారాలు నడిపిస్తున్న దివాన్ మీర్ తురాబ్ అలీ ఖాన్. చరిత్రలో మొదటి సాలార్‌జంగ్ ఈయనే. (హైదరాబాదులోని మ్యూజియం పేరు చెప్పగానే చాలామంది ఈయననే తలచుకుంటారు. కాని ఆ వస్తువుల్లో అధిక భాగం సేకరించింది ఈయన మనుమడు, మూడవ సాలార్‌జంగ్.)

మీర్ తురాబ్ అలీ ఖాన్ 1829లో జన్మించారు. దివాన్ మీర్ ఆలం ఈయనకు ముత్తాత వరుస. చిన్నతనంలోనే తండ్రి చనిపోవడంతో కుటుంబ పెద్దల సంరక్షణలో పెరిగారు. ఇరవై ఏళ్ళు కూడా నిండకముందే ఖమ్మం ప్రాంతంలో తాలూక్‌దారుగా కొంతకాలం పనిచేశారు. శిస్తు ఎలా వసూలవుతుందో, రైతు దగ్గర బయలుదేరిన రూపాయి ఖజానాకు చేరేలోగా ఎంత కరిగిపోతుందో ఆయన నేర్చుకున్నది ఈ తెలుగు గడ్డ మీదనే.

1853 మే నెలలో ఆయన పినతండ్రి, దివాన్ సిరాజుల్ ముల్క్ మరణించారు. అప్పటికి కొద్ది రోజుల ముందే బాకీల కింద బీరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివ్ ప్రాంతాలను ఆంగ్లేయులకు అప్పగిస్తూ ఒప్పందం జరిగింది. అలాంటి సమయంలో ఇరవై నాలుగేళ్ళ యువకుడి భుజాల మీద దివాన్‌గిరీ పడింది.

నాటి రాజ్య పరిస్థితిని ఊహించడం కూడా కష్టమే. ఖజానా ఖాళీ. నవాబుగారి నగలు సైతం తాకట్టులో ఉన్నాయి. సిపాయిలకు జీతాలు నెలల తరబడి బకాయి. అప్పులిచ్చిన సాహుకార్లు, అరబ్బు జమాదార్లు, రొహిల్లా సర్దార్లు తాలూకాలను తమ దగ్గర కుదువ పెట్టుకుని శిస్తును నేరుగా తామే వసూలు చేసుకుంటున్నారు. మిగిలిన చోట్ల ఇజారా, అంటే గుత్తా. ఎవరు ఎక్కువ సొమ్ము ఇస్తామంటే వారికే ఆ తాలూకా. వచ్చే ఏడు అది తన చేతిలో ఉంటుందో లేదో గుత్తాదారుకే తెలియదు. కాబట్టి ఈ ఏడే పిండుకోవాలి. రైతు ఎద్దులు అమ్ముకున్నా, పొలం బీడు పెట్టి ఊరు విడిచి పోయినా అతనికి పట్టదు.

ఈ సందర్భంగా ఇస్లామీయ ధర్మశాస్త్రంలోని ఒక పాత చర్చను గుర్తు చేసుకోవాలి. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) శిష్యులు, ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీగా ఉన్న ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) భూమి శిస్తు గురించి 'కితాబుల్ ఖరాజ్' అనే గ్రంథం రచించారు. శిస్తు వసూలును గుత్తాకు ఇవ్వవద్దని ఆయన ఖలీఫాకు గట్టిగా సలహా ఇచ్చారు. గుత్తాదారు తన లాభం కోసం ప్రజలపై మోయలేని భారం మోపుతాడని, దానివల్ల సేద్యం పాడై చివరికి ఖజానాకు కూడా నష్టమేనని ఆయన వాదన. నీతిమంతులు, ధర్మజ్ఞానం కలవారు అయిన ఉద్యోగులనే వసూలుకు నియమించాలన్నది ఆయన చెప్పిన మార్గం. బైతుల్‌మాల్ ప్రజల అమానతు అన్న భావనే దీనికి పునాది. హజ్రత్ ఉమర్ (రజి) అధికారులను నియమించేటప్పుడు వారి ఆస్తి లెక్క రాయించుకోవడం కూడా ఇందుకే.

సాలార్‌జంగ్ ఆ గ్రంథాన్ని ముందు పెట్టుకుని పాలించారని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆయన చాలా విషయాల్లో ఆంగ్లేయుల పద్ధతులనే తీసుకున్నారు. అయితే శతాబ్దాల క్రితం బాగ్దాదులో ఆ ఇమామ్ ఏ రోగాన్ని గుర్తించారో, అదే రోగానికి ఈ దివాన్ చికిత్స మొదలుపెట్టారు.

మొదట కుదువలో ఉన్న తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించారు. కొందరి బాకీ తీర్చారు, కొందరితో వాయిదాలు కుదుర్చుకున్నారు. కత్తి పట్టుకుని కూర్చున్న అప్పులవాళ్ళతో ఇది చిన్న పని కాదు. గుత్తాదార్ల స్థానంలో జీతం తీసుకునే తాలూక్‌దార్లు వచ్చారు. ఇక్కడే అసలు మార్పు ఉంది. ఎక్కువ పిండితే ఎక్కువ లాభం అన్న ఆశ జీతగాడికి ఉండనక్కరలేదు. (లంచం వేరే విషయం. అది ఆగిందని ఎవరూ అనలేరు.) ఎవరికి వారు నాణేలు ముద్రించుకునే టంకశాలలను మూయించి హైదరాబాదులో ప్రభుత్వ టంకశాలను నిలబెట్టారు. ఆపైన హాలీ సిక్కా వాడుకలోకి వచ్చింది. 1864లో మాల్‌గుజారీ మజ్లిస్ ఏర్పడింది. 1865లో జిలాబందీ మొదలైంది. జిల్లా, తాలూకా, తహసీల్దారు అనే చట్రం మన ప్రాంతంలో స్థిరపడింది అప్పుడే. పంటలో పాలు తీసుకునే బటాయి స్థానంలో నగదు శిస్తు వచ్చింది. న్యాయస్థానాలు, పోలీసు, దారుల్ ఉలూమ్ పాఠశాల, 1874లో వాడి నుండి సికిందరాబాదుకు రైలు, ఇవన్నీ ఆయన హయాంలోనివే.

1857 గురించి చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు. ఆ ఏడాది జూలైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో హైదరాబాదు ముస్లిములు రెసిడెన్సీపై దాడి చేశారు. సాలార్‌జంగ్ ఆంగ్లేయుల పక్షాన నిలిచారు. తుర్రేబాజ్ ఖాన్ ప్రాణాలు కోల్పోయారు. మౌల్వీ సాహెబ్ అండమాను జైలులో కన్నుమూశారు. రాజ్యం మిగలాలంటే వేరే దారి లేదని దివాన్ సమర్థకులు అంటారు. కావచ్చు. 1860 ఒడంబడికలో యాభై లక్షల బాకీ రద్దు కావడం, రాయచూరు, ధారాశివ్ తిరిగి రావడం ఆ విధేయతకు దక్కిన ప్రతిఫలమే. కాని ఆ ప్రతిఫలం ఎవరి రక్తం మీదుగా వచ్చిందో కూడా మనం గుర్తుంచుకోవాలి. 1859లోను, 1868లోను ఆయనపై హత్యాప్రయత్నాలు జరిగాయి.

1869లో నవాబు అఫ్జలుద్దౌలా మరణించాక పసివాడైన మీర్ మహబూబ్ అలీ ఖాన్ తరఫున షంసుల్ ఉమరాతో కలిసి ఆయనే రాజ్యం నడిపారు. ఉత్తరాది నుండి విద్యావంతులను రప్పించారు. ఖుర్‌ఆన్‌ను ఉర్దూలోకి అనువదించిన డిప్యూటీ నజీర్ అహ్మద్, మొహ్సినుల్ ముల్క్, వఖారుల్ ముల్క్ అప్పట్లో హైదరాబాదు కొలువులో పనిచేసినవారే. వారిలో మౌల్వీ చిరాగ్ అలీ, ముస్లిం రాజ్యాల్లో రాజకీయ, న్యాయ సంస్కరణలకు ఇస్లాం ఆటంకం కాదని వాదిస్తూ ఒక పుస్తకమే రాశారు. అది 1883లో వెలువడింది. ఫిఖా విషయంలో ఆయన వెళ్ళినంత దూరం వెళ్ళడానికి ఉలమా ఒప్పుకోలేదు, మేమూ ఒప్పుకోము. అయినా ఆ చర్చ మన హైదరాబాదు కచేరీల్లో పుట్టిందన్న సంగతి తెలుసుకోదగ్గది.

సంస్కరణ చేరని చోట్లు కూడా ఉన్నాయి. జాగీర్లు, సంస్థానాలు, నవాబు సొంత భూములైన సర్ఫెఖాస్ దివాన్ అధికారానికి వెలుపలే ఉండిపోయాయి. వడ్డీ పోలేదు, రైలుమార్గమే అప్పుల మీద నడిచింది. వసూలు హక్కు పోయిన దేశ్‌ముఖ్‌లకు పరిహారంగా రుసుములు ఏర్పాటు చేశారు. పట్టాలు, సర్వేల కాలంలో వారిలో చాలామంది మంచి భూములు తమ పేర రాయించుకున్నారు. వెట్టి కొనసాగింది. 1946 తర్వాత తెలంగాణ పల్లెలు మండినప్పుడు ఆ మంటకు కట్టెలు ఇక్కడివే. రాజభాష ఫార్సీ కావడంతో తన శిస్తు లెక్క తెలుగు రైతు తానుగా చదువుకోలేకపోయాడు.

బీరారును తిరిగి రాబట్టడం సాలార్‌జంగ్ జీవితాశయం. 1876లో లండను దాకా వెళ్ళారు. దారిలో పారిస్‌లో కాలు విరిగినా ప్రయాణం మానలేదు. లండనులో సన్మానాలు జరిగాయి, బీరారు మాత్రం రాలేదు. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి హైదరాబాదులో మరణించారు. దాయిరా మీర్ మోమిన్‌లో ఖననం చేశారు. మరుసటి ఏడు కుమారుడు లాయిఖ్ అలీ ఖాన్ దివాన్ అయ్యారు. బీరారును 1902లో ఆంగ్లేయులు శాశ్వత కౌలు పేరుతో తమ దగ్గరే ఉంచేసుకున్నారు.