ఇసుకమీద ఆనకట్ట

మన ఉద్దానపు ఇసుక నేలలో మేమొక ప్రార్థన మందిరమునకు పునాది వేయించితిమి. పైన గట్టిగా నున్నది గనుక లోపలను అట్లే యుండునని తలంచితిమి. రెండవ వానకాలమునకే తూర్పుగోడ బీటవారెను. మత్తయి 7వ అధ్యాయముపై ఎన్నిమార్లు ప్రసంగించితిమో! సిగ్గుపడి, కాటన్ దొరగారి చరిత్ర మరల చదివితిమి.

సర్ ఆర్థర్ కాటన్ 1803లో జన్మించెను, దైవభక్తి గలవాడు. కావేరినుండి కొల్లడము చీలుచోట 1836లో ఆనకట్ట కట్టించి, వృథాగా పోవు నీటిని కావేరికి మళ్లించెను. నదిగర్భము అంతగా మారునని అప్పుడు తలంచలేదు. కావేరి లోతై, మితిమించిన నీరు అటే పోసాగెను. కొన్ని సంవత్సరములకే ఆనకట్ట నడిమి భాగమును 2 అడుగులు దించవలసి వచ్చెను. ఇంతటివాడును మొదట పొరబడెను.

అయితే ఆయన అడిగి తెలిసికొనువాడు. లోతు తెలియని ఇసుకలో పునాది ఎట్లు నిలుచును? పూర్వపు తమిళులు కట్టిన కల్లణైని పరీక్షించి, దిగబడిన రాళ్లే తుదకు ఆధారమగునని గ్రహించెను. ధవళేశ్వరము వద్ద గోదావరిలోను ఇసుకయే. అక్కడ 1847లో మొదలైన ఆనకట్ట 1852లో ముగిసెను. ఆయన 1899లో మరణించెను.

ఈసారి గోడ కట్టకమునుపే, ఆ యూర నూతులు త్రవ్విన ముసలివారిని పిలిపించితిమి.